ఆడోళ్ళకు ఫోన్ చాలంట!

మన ఇండ్లల్లో చాలాచోట్ల బీరువా పై అరలో ఒక నల్ల సంచి ఉంటుంది. పిల్ల పుట్టినప్పుడో, మరిది అమెరికా నుంచి వచ్చినప్పుడో, ఇంట్లో ఒకరికి కొత్తగా ఉద్యోగం దొరికిన హుషారులోనో కొన్న కెమెరా అందులో పడి ఉంటుంది. ఎక్కువగా అది నికాన్ డి3100 గానీ, కెనాన్ 1100డి గానీ అయి ఉంటుంది. మొదటిది 2010 ఆగస్టులో, రెండోది 2011 ఫిబ్రవరిలో ప్రకటించారు. రెండూ కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం, తక్కువ ధరలో చేసిన డీఎస్ఎల్ఆర్‌లే.

దాన్ని ఎవరైనా కిందికి దించితే ఇంట్లో రెండు మాటలు వినపడతాయి. ఒకటి, "గది పాతదైపోయింది, అమ్మేసి కొత్తది తీస్కుందాం." రెండోది మన దిక్కు చూసి అనేది, "నీకెందుకు గదంతా? ఆడోళ్ళకు ఫోన్ చాలు గదా." మొదటి మాటకు మనం తలూపుతాం. రెండో మాటకు నవ్వి ఊరుకుంటాం. ఇగ ఊరుకోవద్దని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఎందుకంటే ఆ కెమెరా మన ఇంట్లో ఏ పని చేయాలో ఆ మాటలన్నవాళ్ళు ఒక్కసారి కూడా అడగలేదు.

కెమెరాల గురించి మగవాళ్ళ ముచ్చట వినండి. మెగాపిక్సెల్ దగ్గర మొదలై మెగాపిక్సెల్ దగ్గరే ఆగుతుంది. డి3100 ది 14 మెగాపిక్సెల్, 1100డి ది 12, తర్వాత 2012లో వచ్చిన డి3200 ది 24. "సగానికి సగం తేడా" అంటారు. సరే, లెక్క చేద్దాం. ఇంటి బడ్జెట్ లెక్క చేసే మనకు ఇదేమంత కష్టం కాదు. పెళ్ళి ఆల్బమ్‌లో ఒక పేజీ మామూలుగా 12×18 అంగుళాలు. డి3100 ఫొటో పొడవు 4608 చుక్కలు. 18 తో భాగిస్తే అంగుళానికి 256 చుక్కలు. 1100డి ఫొటో పొడవు 4272, అంటే అంగుళానికి 237. చేతిలో పట్టుకొని చూసే ఫొటోకు 200 దాటితే చాలు, కంటికి తేడా పట్టడం కష్టం. 24 మెగాపిక్సెళ్ళ డి3200 తో తీసినా అదే పేజీలో 334 వస్తాయి. ఆ ఎక్కువ చుక్కలు మన కంటికి ఆనవు, పైగా కంప్యూటర్‌లో జాగా తింటాయి. ఇంతకూ మన ఇండ్లల్లో ఈ పదేళ్ళలో 12×18 ఫొటో ఎవరు కడిగించారు? తీసిందంతా వాట్సాప్‌లో పంపుకున్నదే, అక్కడ అది ఎట్లాగూ చిన్నదైపోతుంది. ఈ లెక్క చెప్పి కెమెరా పాతదైపోయిందంటే నేను ఒప్పుకోను.

మరి దేన్ని పోల్చాలి? మన ఇంటి పనులను పెట్టి పోల్చాలి. ట్యూబ్‌లైటు వెలుగులో ఉరికే పిల్లలు. దీపం ముందు కూర్చున్న అవ్వ. సద్దుల బతుకమ్మనాడు పొద్దుగూకినంక చుట్టూ తిరిగే ఆడవాళ్ళు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఊర్లో జరిగే పెండ్లి. ఈ నాలుగింటిలో ఏది నెగ్గుతుందో అదే మనకు మంచి కెమెరా.

ముందు వెలుతురు సంగతి. డీఎస్ఎల్ఆర్ లోపల బొమ్మ పడే పలక, అదే సెన్సర్, డి3100 లో 23 మిల్లీమీటర్ల వెడల్పు, 15 ఎత్తు. కెనాన్‌ది కొంచెం చిన్నది, 22 వెడల్పు. మధ్యరకం ఫోన్లలో అది ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది. విస్తీర్ణం చూస్తే కెమెరాది ఏడు నుంచి పన్నెండు రెట్లు పెద్దది. వాన పడుతున్నప్పుడు వాకిట్లో గిన్నె పెడితే ఎన్ని నీళ్ళు పడతాయి, గంగాళం పెడితే ఎన్ని పడతాయి? అంతే తేడా.

ఇక్కడ కెమెరా అభిమానులు చెప్పని సంగతి ఒకటి ఉంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సు కన్ను చిన్నది. దగ్గరికి జూమ్ చేస్తే ఎఫ్ 5.6 కు కుంచించుకుపోతుంది. ఫోన్ లెన్సు ఎఫ్ 1.8 దగ్గర ఉంటుంది. ఎఫ్ 5.6 తో పోలిస్తే ఎఫ్ 1.8 లోంచి దాదాపు పదింతల వెలుతురు లోపలికి వస్తుంది. అంటే గంగాళం మీద మూత పెట్టి కొంచెమే తెరిచినట్టు. అందుకే చీకటి గదిలో ఆ లెన్సుతో తీసిన ఫొటో అలికినట్టు వస్తుంది, "చూసినవా, ఫోనే నయం" అంటారు. తప్పు కెమెరాది కాదు, మూతది. కాబట్టి కొత్త కెమెరా కొనడానికి దాచిన పైసలు ఉంటే వాటిలో కొంత తీసి ఒక ఎఫ్ 1.8 లెన్సు కొనండి, పాతదైనా సరే. 1/10 సెకను పట్టే ఫొటో 1/80 కంటే తక్కువలో అయిపోతుంది. ఉరికే పిల్ల ముఖం నిలబడుతుంది.

ఈ లెన్సు దగ్గరే కంపెనీల మధ్య అసలు తేడా బయటపడుతుంది. మూడింటిని పక్కపక్కన పెట్టి చూడండి.

నికాన్ డి3100 బాడీలో ఫోకస్ తిప్పే మోటారు లేదు. మోటారు ఉన్న లెన్సే పెట్టాలి, అంటే పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉండాలి. ఇది తెలియక, చవకగా దొరికిందని పాత ఏఎఫ్ 50 ఎంఎం 1.8డి లెన్సు తెచ్చుకుంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. అంగట్లో అది చెప్పకుండా అంటగట్టేవాళ్ళు ఉంటారు, జాగ్రత్త. దీనికి సరైనది 2009లో వచ్చిన 35 ఎంఎం ఎఫ్ 1.8. మన పన్నెండడుగుల గదిలో ఇద్దరు ముగ్గురు మనుషులు సరిపోయే చూపు దానిది.

కెనాన్ 1100డి కి ఆ బాధ లేదు. కెనాన్ ఈఎఫ్ లెన్సుల్లోనే మోటారు ఉంటుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 మిగతా లెన్సులతో చూస్తే చవక. ముఖాలు తీయడానికి బాగుంటుంది. కానీ ఈ కెమెరా మీద అది 80 ఎంఎం లెన్సులా దగ్గరికి లాగుతుంది. చిన్న గదిలో గోడకు వీపు ఆనించి నిలబడ్డా అమ్మమ్మ, మనవరాలు ఇద్దరూ పట్టరు. వాకిట్లో, పొలంకాడ, గుడి ముందర అయితే బ్రహ్మాండం.

సోనీ ఆల్ఫా 290 కూడా 2010 దే. దాని బాడీలోనే చెయ్యి వణుకును ఆపే ఏర్పాటు ఉంది, ఏ లెన్సు పెట్టినా పనిచేస్తుంది. వినడానికి ఇది అన్నింటికంటే గొప్పగా ఉంటుంది. కానీ వణుకు మన చేతిదైతేనే అది ఆపుతుంది, పిల్లాడు ఉరుకుతుంటే ఆపలేదు. పైగా అందులో వీడియో లేదు, వెనక తెరమీద చూస్తూ తీయడమూ లేదు. సోనీ ఆ రకం లెన్సుల దారినే వదిలేసింది. ఇంట్లో ఉంటే వాడుకోండి, కొత్తగా వెతికి కొనకండి.

ఇంకా చిన్న తేడాలు ఉన్నాయి. 1100డి బ్యాటరీ ఒక చార్జింగ్‌కు సుమారు 700 ఫొటోలు వస్తుందని, డి3100 ది 550 అని కంపెనీల లెక్క. వీడియో డి3100 లో 1080 గీతలు, 1100డి లో 720. ఒకదానికి 11 ఫోకస్ చుక్కలు, ఇంకోదానికి 9. ఇవి పట్టుకొని గంటలు గంటలు కొట్లాడుకునేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. నడిమి చుక్కను కంటిమీద పెట్టి, సగం నొక్కి, ఆపి, పూర్తిగా నొక్కడం వస్తే మిగతా చుక్కలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నా తీర్పు అడిగితే, ఇంటి లోపల ఎక్కువ తీసేవాళ్ళకు డి3100 తో 35 లెన్సు, బయట ముఖాలు తీసేవాళ్ళకు 1100డి తో 50 లెన్సు. మీ బీరువాలో ఏది ఉంటే అది చాలు. ఒకటి అమ్మి ఇంకోటి కొనేంత తేడా వీటిలో లేదు.

ఇప్పుడు అసలు పోటీదారు, ఫోన్ సంగతికి వద్దాం. ఫోన్‌ను తక్కువ చేసి మాట్లాడను. ఎప్పుడూ చేతిలో ఉంటుంది. వీడియో ఈ పాత కెమెరాల కంటే నయం. తీసిన క్షణమే పుణెలో ఉన్న తమ్ముడికి చేరుతుంది. స్కూలు నోటీసు, కరెంటు బిల్లు, అంగట్లో జాకెట్టు గుడ్డ రంగు, వీటికి ఫోనే సరి. కాని ఫోన్ తీసేది మన ముందున్నదాన్ని మాత్రమే కాదు, దాన్ని చేసినవాళ్ళకు నచ్చినట్టు మార్చి ఇస్తుంది. నీడ కనపడితే తేలుస్తుంది. చాలా ఫోన్లు ముఖాన్ని నున్నగా చేస్తాయి, రంగు తేలుస్తాయి. ఎండలో పత్తి ఏరి నల్లబడ్డ చెంప, అరవై ఏండ్ల ముడతలు, పచ్చబొట్టు, ఇవి దానికి సరిచేయాల్సిన తప్పులు. మనల్ని తెల్లగా చేసి చూపిస్తే సంతోషపడతామని ఎవరో ఎక్కడో కూర్చొని నిర్ణయించారు. "ఆడోళ్ళకు ఫోన్ చాలు" అనే మాటకు ఇది ఇంకో రూపం.

నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చాలామంది చూసే ఉంటారు. మూడు గర్భగుళ్ళ గుడి. ఒకదాంట్లో లింగం వెనక పొద్దంతా కదలకుండా నీడ పడుతుంది, దాని పేరుమీదనే గుడి పేరు. ఫొటో తీయనిచ్చినప్పుడు ఫోన్‌తో తీసి చూడండి. చీకటిని వెలుగు చేయాలనే ఆత్రంలో అది ఆ నీడనే పలచన చేస్తుంది. అక్కడ చూడాల్సింది నీడే కదా! డీఎస్ఎల్ఆర్ మీద ప్లస్-మైనస్ గుర్తున్న బొత్తాం నొక్కి, చక్రాన్ని మైనస్ వైపు తిప్పితే నీడ నీడలా ఉంటుంది. ఎంత వెలుగు కావాలో నిర్ణయం మనది. మా ఇంట్లో ఏది ఎట్లా కనపడాలో నేను నిర్ణయిస్తాననడం అంత పెద్ద కోరికా?

బతుకమ్మ దగ్గరా ఇదే కథ. తంగేడు పసుపు, బంతి నారింజ, గునుగు గులాబీ ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. రంగులు మరీ గాఢంగా వచ్చే సెట్టింగ్‌లో తీస్తే బంతిపూల రెక్కలన్నీ కలిసి ఒకే ముద్ద అవుతాయి. కెమెరాలో రంగుల సెట్టింగ్ "వివిడ్" నుంచి "న్యూట్రల్"కు మార్చండి, రెక్క రెక్క విడిగా కనపడుతుంది. పైకి లేచే ఫ్లాష్ మాత్రం వాడొద్దు. ముందున్న మనిషి ముఖం సున్నం కొట్టినట్టు, వెనకున్న వాడకట్టంతా చీకటిగా వస్తుంది. ఇక మే నెల ఎండలో పెండ్లి. ఆ వెలుగులో ఫోన్ తెర నల్ల అద్దమే, ఏది తీస్తున్నామో కనపడదు. డీఎస్ఎల్ఆర్‌కు కన్ను ఆనించి చూసే కిటికీ ఉంది. నల్లగొండ, పాలమూరు ఎండలకు అంతకంటే మంచి ఏర్పాటు ఇంకోటి లేదు.

"మస్తు బరువు, నువ్వు మొయ్యలేవు" అంటారు. డి3100 కు బ్యాటరీ, కార్డు, 18-55 లెన్సు అన్నీ కలిపి సుమారు ముప్పావు కిలో ఉంటుంది, అంతే. ఫ్లోరైడ్ లేని నీళ్ళ కోసం ఏండ్ల తరబడి బిందెలు మోసిన జిల్లా ఆడవాళ్ళతో ఈ మాట అనడానికి నోరెట్లా వస్తుందో!

"నీకు అర్థం కాదు" అంటారు. డి3100 పైచక్రం మీద గైడ్ అని ఒక గుర్తు ఉంది. అక్కడ పెడితే కెమెరానే అడుగుతుంది, దూరంగా ఉన్నదా, దగ్గరిదా, కదిలేదా అని. ఆ పట్టికలో "నిద్రపోతున్న ముఖాలు" అని కూడా ఒకటి ఉంది. చెప్పండి, ఇంట్లో నిద్రపోతున్న పిల్ల ముఖం పక్కన రోజూ ఎవరు ఉంటారు? ఆ కెమెరా చేసినవాళ్ళకు తట్టింది, మన ఇంట్లోవాళ్ళకు తట్టలేదు. వాషింగ్ మెషిన్‌లో అన్ని ప్రోగ్రాములు, కుక్కర్ విజిల్ లెక్క, గ్యాస్ బుకింగ్, పిల్లల ఆన్‌లైన్ ఫీజులు అన్నీ మనకే అర్థమవుతాయి. ఈ ఒక్క చక్రం దగ్గరే మన బుద్ధి ఆగిపోతుందా?

"ఫంక్షన్‌కు ఫొటోగ్రాఫర్ ఉంటడు గదా" అంటారు. ఉంటాడు. స్టేజీ మీద వరసగా నిలబడ్డవాళ్ళను తీస్తాడు. వంటల కాడ అరిసెలు వత్తే పెద్దమ్మను తీయడు. మూలకు కుర్చీలో కూర్చొని మనవరాలి పెండ్లి చూస్తున్న అవ్వ దగ్గరికి పోడు. ఆయన పని అది కాదు, ఆయన్ను తప్పు పట్టను. ఆ మూల, ఆ వంటిల్లు తెలిసింది మనకే.

ఇది వట్టి సరదా ముచ్చట కాదని ఎందుకు అంటున్నానంటే, మన ఊర్లలో ముసలామె పోయినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. దినాల నాటికి ఫ్లెక్సీకి, ఫ్రేముకు ఫొటో కావాలి. ఇల్లంతా వెతుకుతారు. చివరికి ఆధార్ కార్డు మీది ఫొటో తీసి పెద్దది చేయిస్తారు. లేదంటే ఏదో పెండ్లి గుంపు ఫొటోలోంచి తల కత్తిరించి వెనక నీలిరంగు వేయిస్తారు. ఎనభై ఏండ్లు ఇల్లు నిలబెట్టిన మనిషికి గోడమీద మిగిలేది, సర్కారు కంప్యూటర్ ముందు బెదిరిపోయి కూర్చున్న ముఖం. అదే ఇంట్లో బీరువాలో కెమెరా ఉంటుంది. బొంబాయికో పుణెకో పనికి పోయి, చివరి చూపుకు అందని కొడుకులు, బిడ్డలు ఉన్న పాలమూరు ఇండ్లల్లో ఆ ఒక్క ఫొటో విలువ ఎంతో నేను చెప్పక్కర్లేదు.

ఆడవాళ్ళకు కెమెరా కొత్త అని కూడా అనుకోకండి. మన హైదరాబాద్‌లోనే రాజా దీన్ దయాళ్ 1892లో జనానా స్టూడియో పెట్టారు. పరదాలో ఉండే ఆడవాళ్ళ ఫొటోలు తీయడానికి దాన్ని ఒక ఆంగ్ల వనిత నడిపింది. మగవాడు అడుగుపెట్టలేని గదిలోకి ఆడమనిషి చేతిలోని కెమెరా వెళ్ళగలదని ఆనాడే తెలుసు. మన దేశపు మొదటి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హొమాయ్ వ్యారావాలా 1913లో పుట్టింది. ఆమె తొలి ఫొటోలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. 2011లో ఆమెకు పద్మ విభూషణ్ వచ్చింది. ఫొటో తీసే చెయ్యి ఆమెది, కింద పేరు ఇంకొకరిది. మన ఇండ్లల్లో ఇంకా ఆ మొదటి మెట్టు దగ్గరే ఉన్నాం, కెమెరా కూడా ఇంకొకరిదే.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్ళారా, అమ్మడమూ వద్దు, ఎక్స్‌ఛేంజీ వద్దు. ఆ సంచిని కిందికి దించండి. లెన్సు విప్పి వెలుగుకు ఎదురు పట్టి చూడండి. లోపల సాలెగూడు లాంటి తెల్లటి గీతలుంటే బూజు పట్టినట్టు, బాగుచేసేవాళ్ళకు చూపించండి. లేకుంటే ఇక మీదట సంచిలో కాక గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. బియ్యం పొయ్యకండి, పిండి దుమ్ము లోపలికి పోతుంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే పారేసి కొత్తది తీసుకోండి. చక్రాన్ని నికాన్ అయితే ఎ మీద, కెనాన్ అయితే ఏవీ మీద పెట్టి, ఎఫ్ అంకెను అన్నిటికంటే చిన్నదానికి తెచ్చుకోండి. ఇంట్లో అయితే ఐఎస్ఓ 1600. మొదటి వారానికి ఇంతకు మించి నేర్చుకోనక్కర్లేదు.

తర్వాత ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. కొత్త చీర కట్టించకండి, రోజూ కట్టుకునేదే ఉండనివ్వండి. కంటిమీద ఫోకస్ పెట్టి తీయండి. టౌనుకు పోయినప్పుడు స్టూడియోలో 8×12 కడిగించి, ఆమె బతికుండగానే గోడకు తగిలించండి. ఆ తర్వాత కెమెరా బిడ్డ చేతికిచ్చి మీరు కూర్చోండి. "ఆడోళ్ళకు ఫోన్ చాలు" అన్నవాళ్ళు ఇంటికొచ్చినప్పుడు ఏమీ మాట్లాడొద్దు. ఆ గోడకు ఎదురుంగ కుర్చీ వేసి చాయ్ ఇవ్వండి.